మావయ్య గారి వంతు

పోయిన వేసవిలో సెలవులకి వచ్చినప్పుడు మా మనవరాలు కంప్యూటర్లో ఒక ఆట ఆడుతూ ఉండేది. అందులో నాలుగు రాజ్యాలు, నాలుగు రకాల సైన్యాలు. ఒకరు ఎత్తు వేశాక ఇంకొకరు వేయాలి, తొందరేమీ లేదు. ఒక రాజ్యానికి గుర్రాలు ఎక్కువ, ఒకదానికి పడవలు, మరోదానికి మనుషులు తక్కువే గాని కోటలు గట్టివి. ఏ రాజ్యం బలమైనదో తేల్చాలని ఆ పిల్ల ఒక నోటు పుస్తకంలో గెలుపోటములు రాసుకుంటోంది. నా పోలికే వచ్చిందని సంతోషించి పుస్తకం తీసుకుని చూశాను. పడవల రాజ్యమే అన్నిట్లోకీ బలమైనదని తేల్చి, కింద గీత కూడా గీసేసింది. ఆ రాజ్యం తరఫున ఆడింది ఎవరమ్మా అని అడిగితే ప్రతిసారీ తనేనని చెప్పింది. అయితే నువ్వు తేల్చింది నీ సంగతి, పడవల సంగతి కాదన్నాను. ఆడేవాళ్ళిద్దరూ ప్రతి వైపునీ సరిసమానంగా, మార్చి మార్చి ఆడితేనే ఏ వైపు బలం ఎంతో తెలుస్తుంది. ఇదంతా నీకెలా తెలుసు తాతయ్యా అంది. ఎప్పుడో పులి-మేక ఆటకి ఇలాంటి లెక్కే రాశానని చెప్పి మాట మార్చేశాను. ఆ రోజు చెప్పనిదే ఇప్పుడు రాస్తున్నాను.

అమలాపురంలో బీఎస్సీ పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ రాజోలు దగ్గర మా మేనత్త కరుణమ్మ గారింట్లో ఉన్న రోజులవి. అప్పటికి అక్కడి ఊళ్ళలో కరెంటు ఉన్నా, మధ్యాహ్నం పూట ఉన్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఇంటి వెనక కాలవలో కొబ్బరి పీచు నానబెట్టేవారు. కొత్తవాళ్ళకి కడుపులో తిప్పే ఆ వాసన మాకు మాత్రం అన్నం వేళకి గుర్తు. మావయ్య ఆనందరావు గారు మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి ఆ ఏడే రిటైరయ్యారు. రోజూ ఒకే క్రమం ఆయనది. పొద్దున్నే వాచీకి కీ ఇచ్చుకోవడం, పేపరుని చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదవడం, మజ్జిగన్నం తిన్నాక నశ్యం పట్టు పీల్చి సరిగ్గా మూడు తుమ్ములు తుమ్మడం. తుమ్ములు అయ్యాయంటే ఆట చెక్క తెమ్మని అర్థం. అది పనసచెక్క. దాని మీద ఎర్రగా కాల్చిన చువ్వతో పులి-మేక గీతలు గీసి ఉండేవి. వక్కలు మూడు పులులు, చింతపిక్కలు పదిహేను మేకలు. వసారాలో ఒక పాత పెట్టె మీద ఆ చెక్క పెట్టి, గోడ వారన ముక్కాలి పీట మీద ఆయన, ఎదురుగా ఇంకో పీట మీద అత్తయ్య కూర్చునేవారు.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. పులులు మొదటి నుంచీ చెక్క మీద ఉంటాయి. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. మేక పక్కన పులి ఉండి, ఆ మేకకి అవతలి చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. అయిదు మేకలు తింటే పులులది గెలుపు. మూడు పులులూ కదలకుండా చుట్టూ మేకలు చేరిపోతే మేకలది. అంటే ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే రకం బలం కాదు. పెళ్ళయిన నాటి నుంచీ మావయ్య గారిది పులుల వైపు, అత్తయ్యది మేకల వైపు. ఎక్కువ గెలిచేది ఆయనే. "మూడింటితో పదిహేనింటిని కాసుకోవాలి, నాది కష్టం," అనేవారాయన. "ఒక్కసారి ఆ వక్కలు నా చేతికిచ్చి చూడండి, ఎవరిది కష్టమో తెలుస్తాది," అనేది అత్తయ్య. ముప్పై ఏళ్ళుగా ఆ మాటలే. ఒక్కసారి కూడా వైపులు మార్చుకోలేదు.

కాలేజీలో నేర్చిన ముక్క ఉత్తినే పోతోందని కాబోలు, నేనే కల్పించుకున్నాను. నలభై ఆటలు ఆడండి, బేసి ఆటల్లో మావయ్య గారు పులులు, సరి ఆటల్లో అత్తయ్య పులులు, ప్రతి ఎత్తూ నేను రాస్తాను, చివరికి ఏ వైపు బలమైనదో వాదం లేకుండా తేలుతుందన్నాను. మావయ్య గారికి ఆ పద్ధతి నచ్చింది. గీతలు కలిసే ఇరవై మూడు చోట్లకీ నంబర్లు వేసుకుని, ఒక పుస్తకం కుట్టుకుని, ప్రతి పేజీ మీద రెండు వరసలు గీశాను. ఒకదాని మీద 'మావయ్య', ఇంకోదాని మీద 'అత్తయ్య'. ఆ వేసవి అంతా అలాగే సాగింది. అత్తయ్య పులులు పట్టుకుంటే ఎంత నిర్దయగా ఆడుతుందో చూసి మావయ్య గారు, ఇన్నాళ్ళూ ఎవరితో కాపురం చేశానో ఇప్పుడు తెలిసిందిరా అని నవ్వేవారు.

రాసిన ఎత్తులు తిరగేస్తుంటే నాకొక సంగతి కనబడింది. మావయ్య గారు తప్పు చేసినప్పుడల్లా అది చెక్కకి ఒకే వైపు, ఆయన కుడి చేతి వైపు. అక్కడ మేక దొరికిపోయి నిలబడ్డా పులిని దూకించేవారు కాదు. మేకలు తనవైతే అక్కడే సందు వదిలేసేవారు. కాలవ గట్టున నడుస్తున్నప్పుడు మెల్లగా అడిగాను. "కుడి కన్ను మసకేసిందిరా, పక్కకి ఏవీ ఆనదు. మీ అత్తయ్యకి చెప్పకు. సైకిలెక్కనివ్వదు," అన్నారు. చెప్పనని మాటిచ్చాను. రోజూ రాసుకునే నా డైరీలో కూడా రాయలేదు.

ఇరవై ఆరో ఆట అయిన మర్నాడు పొద్దున్నే, కాలవ గట్టున పళ్ళు తోముకుంటూ మావయ్య గారు కూలబడిపోయారు. లేవలేదు. సాయంత్రానికి సమాధుల తోటలో పెట్టేశాం. పదో రోజున ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక, జరిగింది. వచ్చినవాళ్ళందరూ భోంచేసి వెళ్ళాక, అత్తయ్య గిన్నెలు తోమి బోర్లించి, చెక్కని తడిగుడ్డతో తుడిచి తెచ్చి పెట్టె మీద పెట్టింది. చింతపిక్కలు లెక్క పెట్టుకుంది. "ఇంకా పద్నాలుగు మిగిలేయి కదరా. ఇరవై ఏడు, ఆయన పులులు. రాసుకో," అంది. దుఃఖంలో ఏదో అంటోందనుకుని పుస్తకం తెచ్చుకున్నాను. ఆ పోటీ పెట్టినవాణ్ణి నేనే.

తన మేకని తను దించేది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ వారనున్న ఖాళీ పీట వైపు చూస్తూ కూర్చునేది. ఎండకి కొబ్బరి మట్టలు కూడా కదిలేవి కావు. అంత నిశ్శబ్దంలో ఒక్కోసారి పది నిమిషాలు గడిచేవి. అప్పుడు, ఎవరో ఏదో అంటే ఒప్పుకున్నట్టుగా, "ఆయ్," అనేది. మావయ్య గారు ఏ మాట చెప్పినా జీవితమంతా ఆవిడ ఇచ్చిన జవాబదే, అదే గొంతు. అని, ముందుకి వంగి, అవతలి వైపు నుంచి పులిని జరిపేది. చచ్చిన మేకల్ని మావయ్య గారు తన ఎడమ మోకాలి దగ్గర జతలు జతలుగా పేర్చుకునేవారు. ఇప్పుడవి అక్కడే, ఆ పీట పక్కనే, జతలుగా చేరుతున్నాయి. అంత దూరం చెయ్యి చాచడానికి అత్తయ్య సగం లేవాల్సివచ్చేది.

అదంతా ముప్పై ఏళ్ళ అలవాటనే అనుకున్నాను. కానీ ఆ ఇరవై ఏడో ఆటలోనే, ఖాళీ పీటకి కుడి వైపు అంచున అత్తయ్య మేక ఒకటి దొరికిపోయింది. దాని పక్కనే పులి, అవతల ఖాళీ. చిన్నపిల్లలైనా దూకిస్తారు. ఎనిమిది నిమిషాలు ఎదురుచూసి, "ఆయ్," అని, అత్తయ్య ఆ పులిని ఇంకెక్కడికో జరిపింది. తన మేకని తనే కాపాడుకుంటోందేమోనని అనుమానించాను. మర్నాటి ఆటలో పులులు ఆవిడవి. మావయ్య గారి వంతుగా దింపిన మేకలు అదే వైపున సందు వదిలాయి. ఆవిడ పులి మాత్రం ఒక్క క్షణం ఆగకుండా దూకి తినేసింది. ఇరవై తొమ్మిదిలో మళ్ళీ పులులు ఆయనవి, మళ్ళీ ఆ అంచున మేకలు క్షేమం. అదే మనిషి, అదే చెక్క, అవే వక్కలు. మారుతున్నది ఎవరి వంతు అన్నదొక్కటే.

న్యాయంగా పోల్చాలంటే ఒక్కటి తప్ప ఏదీ మారకూడదని చదువుకున్నవాణ్ణి. ముప్పై ఒకటో ఆట ముందు, అత్తయ్య వంటింట్లో ఉండగా, గోడ వారన ఉండే ఆయన పీటని తీసి పక్కకి, వసారా అంచుకి జరిపాను. చెక్కని కదపలేదు. ఇదివరకు ఆయన కుడి చేతి వైపు ఉండే అంచు ఇప్పుడు ఆ పీటకి నేరుగా ఎదురుగా వచ్చింది. ఆయన కుడి వైపుకి వేరే అంచు వచ్చింది. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి పీటని చూసి ఆగిపోయింది.

"ఆయన్ని ఎండలో కూర్చోబెట్టేవేంట్రా?" అంది.

అని, పీటని మాత్రం వెనక్కి జరపలేదు. లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చి, ఎండ పడుతున్న ఆ ఖాళీ పీట మీద పరిచి ఆటకి కూర్చుంది. ఆ రోజు పులులు, ఇన్నాళ్ళూ వదిలేసిన అంచున రెండు మేకల్ని తినేశాయి. కొత్తగా కుడి వైపుకి వచ్చిన అంచున ఒక మేక ఆట చివరిదాకా దొరికిపోయి నిలబడే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను రాస్తూనే ఉన్నాను. ఆట అయ్యాక పీటని మళ్ళీ గోడ వారన పెట్టేశాను, ఇంకెప్పుడూ కదపలేదు.

ఒక మాట కూడా రాయాలి. ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషికి ఆయన కన్ను సంగతి తెలియకుండా ఉంటుందా? ఆయన దాచారు. తెలిసినట్టు కనబడకుండా ఈవిడా దాచి ఉండవచ్చు. తెలిసిన చెయ్యి తనకి తెలియకుండానే ఆయనలా ఆడి ఉండవచ్చు. ఇప్పుడీ వయసులో ఇలా అనుకుంటే ఊరటగా ఉంటుంది. ఆ వసారాలో, ఆ మధ్యాహ్నం, ఈ ఆలోచన నాకు రానేలేదు. ఆవిణ్ణి అడగనూ లేదు.

పక్కింటి మార్తమ్మ గారు మజ్జిగ తోడుకోసం వచ్చి ఖాళీ పీటతో "ఆయ్" అంటున్న అత్తయ్యని చూసింది. ఆ ఆదివారానికే చర్చి స్త్రీల సమాజంలో మాట పాకింది. కరుణమ్మ గారు చనిపోయిన మొగుణ్ణి పిలిపించుకుంటోందని, అది సోదె అని, దేవుడు వద్దన్న పనని. ఎదుట మనిషి ఎవరో తెలియకుండానే ఈ రోజుల్లో ఇంటింటా ఫోన్లలో ఆటలాడుతున్నారు, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అప్పుడు మాత్రం ఎదుట ఎవరున్నారన్నది సంఘమంతటికీ కావలసిన ప్రశ్న అయింది. వచ్చే ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం గిన్నె సంఘంలో అందరూ పంచుకునే రోజు. తేలేదాకా ఆవిడ బల్ల దగ్గరికి రాకూడదని కొందరన్నారు. పాస్టరు గారు మెత్తని మనిషి. తీర్పు చెప్పకుండా, శుక్రవారం ఇద్దరు పెద్దలతో వస్తామని, అబ్బాయి ఏదో పుస్తకం రాస్తున్నాడట, అది చూస్తామని కబురు పంపారు. అప్పటికి ముప్పై ఆరు ఆటలయ్యాయి.

బల్ల అంటే అత్తయ్యకి ఏమిటో చెప్పాలి. వాళ్ళ అమ్మ పొలం పనికి వెళ్ళేటప్పుడు రైతు ఇంటి వాకిట్లో నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవారట. అదే అమ్మ, బాప్తిస్మం తీసుకున్నాక మొదటి బల్ల నాడు, దొరసాని తాగిన గిన్నెలోనే తనూ తాగింది. ఆ సంగతి అత్తయ్య ఎన్నిసార్లు చెప్పినా గిన్నె అనే మాట దగ్గర గొంతు తగ్గించేది. ఆ గిన్నె ముందు నుంచి తనని లేపేస్తారన్న మాట విన్నాక రెండు రోజులు సరిగా తినలేదు. గురువారం పొద్దున్న నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒరే సుందరం. నాకు బల్లా కావాలి, ఈ నాలుగు ఆటలూ కావాలి. ఏం చదువుతావో నీ ఇష్టం," అంది.

ఆ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇరవై ఏడు నుంచి ప్రతి పేజీ మీద 'మావయ్య' అని నా చేత్తో రాసి ఉంది. పక్కన ఎన్ని నిమిషాలు ఆగారో కూడా ఉంది. మొదటి ఇరవై ఆరు ఆటలతో వీటిని పోల్చి చూడగలిగినవాళ్ళెవరైనా, ముందూ తర్వాతా మావయ్య గారిది ఒకే చెయ్యి అంటారు. అలాగని పాస్టరు గారి ముందు అబద్ధమాడడం నా వల్ల కాదు. డైరీ రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ అబద్ధం రాయలేదన్నది నాకొక గర్వం. చాలాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. కొత్త పుస్తకం కుట్టి, ముప్పై ఆరు ఆటలనీ మొదటి నుంచీ తిరగరాశాను. ఒక్క ఎత్తు కూడా మార్చలేదు. వరసల మీద 'మావయ్య', 'అత్తయ్య' అనే చోట 'పులులు', 'మేకలు' అని రాశాను. నిమిషాలు వదిలేశాను. నేను పెట్టుకున్న ప్రశ్నకి వైపులు చాలు, మనుషుల పేర్లతో పనిలేదని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. అది తప్పని ఆ పోటీ మొదలుపెట్టినవాడికి తెలియకపోలేదు. ఎవరు ఆడారో తీసేస్తే ఆ లెక్కకి విలువే లేదు. పాత పుస్తకాన్ని నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చి వసారాలో బెంచీ మీద కూర్చున్నారు. ఖాళీగా ఉన్నా మావయ్య గారి పీట మీద ఎవరూ కూర్చోలేదు. పాస్టరు గారు యోగక్షేమాలు అడిగి, తర్వాత నెమ్మదిగా, "అమ్మగారూ, ఎవరితో ఆడుతున్నారండి?" అన్నారు. అత్తయ్య తలవంచుకుని, అబ్బాయి అంతా రాసేడండి, అందులో ఏముంటే అదేనండి, అంది. నేను చదివాను. పులి ఫలానా చోటికి, మేక ఫలానా చోట. రెండో ఆటకే పెద్దల్లో ఒకాయన ఆవలించారు. రెండో ఆయన, తాటిపాకలో బడి పంతులు, గడుసు మనిషి, పుస్తకం చేతిలోకి తీసుకుని తిరగేశారు.

"ఇందులో పేర్లేవయ్యా?"

"ఏ వైపు బలమో చూడ్డానికండి. వైపులు చాలండి."

"మరి ఆనందరావు గారు పోయేక రెండు వైపులా ఎవరు జరిపేరు?"

"అత్తయ్యేనండి," అన్నాను. "రెండు వైపులా అత్తయ్యే జరిపారండి."

పాస్టరు గారు ఊపిరి వదిలారు. ఒంటరి మనిషి పొద్దుపోక ఆడుకుంటోందన్నమాట, దానికెందుకండీ ఇంత రాద్ధాంతం అని పెద్దల వైపు చూశారు. పంతులు గారు పుస్తకం మూసి, అయితే అమ్మగారిని ఓడించేవాళ్ళు ఊళ్ళో లేరన్నమాట అని నవ్వారు. ప్రార్థన చేసి, కొబ్బరి నీళ్ళు తాగి వెళ్ళారు. అత్తయ్య గేటు దాకా సాగనంపి వచ్చింది. చెక్క వైపు గాని నా వైపు గాని చూడలేదు. లోపలికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"పేర్లు తీసేసేవు," అంది.

అవునన్నాను. మంచి పనే చేసేవులే అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆదివారం ఆవిడ తెల్లచీర కట్టుకుని అందరితోపాటు బల్ల దగ్గర మోకరించింది. మార్తమ్మ గారి తర్వాత గిన్నె అందుకుంది. తాగేటప్పుడు కళ్ళు మూసుకోలేదు, గిన్నెలోకే చూస్తూ తాగింది. ఇంటికొచ్చి భోజనాలయ్యాక, నేనే చెక్క తుడిచి పెట్టె మీద పెట్టాను. ముప్పై ఏడో ఆట. పులులు మావయ్య గారివి. అత్తయ్య వచ్చి కూర్చుంది. మొదటి మేకని దించింది, ఆగింది, పీట వైపు చూసింది. ఆగడం పది నిమిషాలు కాదు, ఆ మొదటి ఎత్తుకే అరగంట దాటింది. నేను తలెత్తలేదు. ఎక్కడో కాలవలో పీచు కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. 'ఆయ్' అన్న మాట రాలేదు. ఆఖరికి ఆవిడ చెయ్యి చాచి పులిని జరిపింది. ఆ తర్వాత ఎత్తులు చకచకా పడ్డాయి. కుడి వైపు అంచున ఒక మేక దొరికింది. అత్తయ్య ఒక్క క్షణం కూడా ఆగకుండా పులిని దూకించి, ఆ చింతపిక్కని తీసి తన మోకాలి దగ్గరే పెట్టుకుంది. పెట్టుకుని, దాన్నే చూస్తూ ఉండిపోయింది. నేను ఆ ఎత్తు రాయలేదు.

"రెండు చేతులూ నావేనని తేల్చేసేవు కదరా," అంది. "నాతో నేను ఆడుకునేదేముంది?"

పిక్కలూ వక్కలూ ఒక డబ్బాలో పోసి మూత పెట్టి లేచిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఇరవై రెండేళ్ళు బతికింది. సంఘంలో ఎంతో గౌరవంగా, ఒక్క బల్ల కూడా తప్పకుండా బతికింది. ఆ ఆట మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. నాకు ఉద్యోగం వచ్చి ఊళ్ళు తిరిగాను, ముప్పై నాలుగేళ్ళు సర్కారు లెక్కలు రాశాను, రోజూ పడుకునే ముందు డైరీ రాసుకున్నాను. లెక్కలోంచి మనుషుల్ని తీసేస్తే న్యాయంగా ఉంటుందని అప్పట్లో నమ్మేవాణ్ణి. ఇప్పుడా నమ్మకం లేదు. పులులు బలమైనవా, మేకలు బలమైనవా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఆ శుక్రవారం నేను అబద్ధమాడలేదు. రెండు వైపులా అత్తయ్యే జరిపింది, ఎవరు చూసినా కనబడేది అదే. కానీ నేను ఆ మాట అన్నాకే అది నిజమైందని నా అనుమానం. అంతకుముందు దాకా కాదు.